మూడో తరగతి అరబ్బు దేశం

ఒక్క పాఠంతో ఒక దేశాన్నీ ఒక మంచి మనిషినీ కలిపి ముంచినవాణ్ని మీరు చూసి ఉండరు. చూడండి, నేనే.

అప్పట్లో నిజామాబాద్ గ్రంథాలయంలో నేను చదవని బీరువా ఒక్కటే, తాళంచెవి పోయినది. ఆ గర్వంతోనే కమ్మర్‌పల్లి దగ్గర ఒక చిన్న బడిలో వాలంటీరుగా చేరాను. మూడో తరగతి పుస్తకంలో అరబ్బు దేశమంటే ఒక ఒంటె, ఒక డేరా, ఒక ఖర్జూరపు చెట్టు. నేను నా పాండిత్యంతో దానికి ఇసుక తుఫాను కూడా కలిపాను.

"అక్కడ అందరూ డేరాల్లోనే ఉంటారు" అన్నాను, స్వయంగా నాలుగు పాతి వచ్చినవాడిలా.

సుమలత లేచింది. "లేదు సార్. మా బాపు దుబాయ్‌ల నలభై అంతస్తుల బిల్డింగు కడుతుండు."

ఆ ఊళ్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ లేదు. తలెత్తి అడిగితే చాలు. నేను తల దించి పుస్తకం చూశాను.

"ఇందులో లేదమ్మా."

వెనక బెంచీలు అందుకున్నాయి. "మీ బాపు ఒంటెలు కాస్తడే! ఉత్తగనే కోతలు కోస్తుండు!"

మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే పక్కవాళ్ల పరువు పోయింది.

శుక్రవారం వాళ్లమ్మ బీడీల చాట పక్కన పెట్టి, బిడ్డను వెంటబెట్టుకుని, ఫోనుతో క్లాసులోకే వచ్చింది. "సార్, పోరి వాళ్ల బాపునే నమ్ముతలేదు. ఇయ్యాల ఆయనకు సెలవు. మీరే మాట్లాడుండ్రి."

వీడియోలో ఇరుకు గది, ఒకదానిపై ఒకటి మంచాలు. "నమస్తే సార్! డేరా కాదు గని, ఒక్క అర్రల ఎనిమిది మందిమి ఉంటున్నం" అని నవ్వాడు తండ్రి. ఫోను కిటికీ వైపు తిప్పాడు. "గదో బిడ్డా, గా అద్దాల బిల్డింగు. పైన సెంట్రింగు నేనే కొట్టిన."

సుమలత కళ్లు ఆ నలభై అంతస్తులూ ఎక్కాయి. మిగతా పిల్లలు ఫోను చుట్టూ మూగారు.

"ఒంటె యాడున్నది మామా?"

"నేను సుత దాని కోసమే సూస్తున్నరా! ఆరేండ్లాయె, ఒక్కటి కనవడలే!"

ఇంతలో పక్క మంచం మీది మనిషి తొంగి చూసి, నన్ను చూపిస్తూ ఏదో అడిగాడు. తండ్రి పగలబడి నవ్వాడు.

"సార్, ఈయనది ఈజిప్టు. మీ ఏనుగును యాడ కట్టేసిండ్రని అడుగుతుండు. చిన్నప్పుడు ఆయన పుస్తకంల మనోళ్లందరు ఏనుగుల మీదనే తిరుగుతరట!"

నేనేమో ఆర్మూర్ నుంచి షేర్ ఆటోలో, డ్రైవర్ పక్కన సగం సీటుకు వేలాడుతూ వచ్చినవాణ్ని. రోషం పొడుచుకొచ్చింది. "ఏం మనిషయ్యా! తెలియకపోతే అడిగి తెలుసుకోవాలి గానీ..."

సుమలత నా చొక్కా లాగింది. "ఆయన్నేమనకుండ్రి సార్. పాపం, ఆయన సుత పుస్తకంలనే సదివిండు."

ఆ క్షణమే ప్రతిజ్ఞ చేశాను. "మీవాళ్లెవరైనా అక్కడున్నారా?" అని పిల్లల్ని అడగకుండా ఇక ఏ దేశం పాఠమూ తెరవను. నాకు లేని ఆ ఏనుగు మీద ఒట్టు.