పెద్దమ్మ నొక్కమన్న అంకె

పెద్దమ్మ పోయిన సంగతి నాకు చెప్పింది ఆమె వంట చేసే ఇంటి మామా. ఇక్కడ కువైట్‌లో ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తాం. పిల్లల్ని స్కూలు బస్సెక్కించి వెనక్కి వస్తుంటే, పక్కింటి గేటు దగ్గర ఆవిడ చెప్పులు లేకుండా నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకుని అరబ్బీలో గబగబా ఏదో చెప్పింది. ఏడుపులో నాకు అందినవి రెండే ముక్కలు. ‘మీ అమ్మ’, ‘ఖలాస్’. పెద్దమ్మ నాకు తల్లి కాదని ఆవిడకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పినట్టు లేదు. నేనూ ఆ పూట చెప్పలేదు.

పొయ్యి మీద టీ మరుగుతుండగా బియ్యం బస్తాకు ఆనుకుని కూర్చుందట. మళ్ళీ లేవలేదు. డాక్టరు గుండె అన్నాడు. ఆ గుండె ఏ రోజు నుంచి ఆగడం మొదలుపెట్టిందో డాక్టరుకు తెలియదు, నాకు తెలుసు. అది ఎవరికైనా చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు, అందుకే రాస్తున్నాను.

మాది అన్నమయ్య జిల్లాలో ఒకే మండలం. ఆమె జాబ్రియాలోని ఆ ఇంట్లో పదిహేడేళ్ళు వంట చేసింది. నేను పక్కింట్లో పిల్లల్ని చూసుకుంటాను. నేను వచ్చిన మొదటి వారం, వెనక గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే గోడ మీదుగా ఒక గిన్నె వచ్చింది. రాగి సంగటి, పైన ఊరిబిండి, మా వైపు చెనిగ్గింజల పచ్చడి. గోడ అవతలి నుంచి ఒక గొంతు, “ఏడిస్తే ఏడుద్దువు గానీ, ముందు తిను పాపా. చల్లారితే సంగటి గట్టిపడతాది,” అంది. ముఖం చూడకుండానే ఆమె వంట తిన్నాను.

అరబ్బుల ఇంట్లో ఆమె వండే కోడి పులావుకు చుట్టాలంతా వచ్చేవాళ్ళు. తను మాత్రం అది ముట్టేది కాదు. శనివారం ఒంటిపూట. పొద్దున స్నానం కాకుండా పొయ్యి వెలిగించేది కాదు. అక్షరం రాదు. ఫోన్లో ఏది వచ్చినా నేను చదవాల్సిందే. మొగుడి పేరు నోటితో పలికేది కాదు, పాస్‌పోర్టు ఆఫీసులో కూడా పక్కవాళ్ళతో చెప్పించిందట. పాతకాలం మనిషి.

పార్టీ విషయంలోనూ అంతే. ఆ పార్టీ పేరు ఇక్కడ రాయను. ఆమె దృష్టిలో పార్టీ అంటే ఒకటే, రెండోది ఉన్నట్టు ఒప్పుకునేదే కాదు. కరువు ఏడాది వాళ్ళ కుటుంబానికి ఇంటి స్థలం ఇప్పించిందీ, మొగుడు తిరుపతి ఆస్పత్రిలో ఉంటే పక్కన నిలబడిందీ మా మండలంలో ఆ పార్టీ నాయకుడే. ఊరంతా ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళు. మొగుడు పోయే ముందు ఒకటే అడిగాడట, మన ఇంటి ఓటు ఆ గుర్తు దాటకూడదని. ఆమె సరేనంది. అల్లుడు అవతలి పార్టీలో చేరితే మూడేళ్ళు, సెలవుకు ఊరెళ్ళినా కూతురింట్లో మంచినీళ్ళు తాగలేదు. “పూటకో పొయ్యి మీద వండితే కూడు ఉడకదు,” అనేది.

ఆమె మాటకు ఊళ్ళో ఎందుకంత విలువో బయటివాళ్ళకు తెలియకపోవచ్చు. మా వైపు ఇంటికొక ఆడమనిషి కువైట్‌లో ఉంది. ఆ ఆడవాళ్ళు ఇక్కణ్ణుంచి ఏ మాట చెబితే అక్కడ ఇంట్లో అదే జరుగుతుంది. శుక్రవారాలు సెలవు దొరికినవాళ్ళం ఫర్వానియాలో ఒక గదిలో కలిసేవాళ్ళం. ఈ దేశంలో సభలు, పార్టీ సమావేశాలు కూడవు కాబట్టి దానికి భోజనాలని పేరు. వండేది పెద్దమ్మ. అలా ఆమె చేతి కూడు తిన్న ఇళ్ళు అరవై దాకా ఉంటాయి.

ఈసారి మా మండలానికి జెడ్పీటీసీగా ఎవర్ని నిలబెట్టాలో పార్టీయే తన సభ్యుల ఇళ్ళకు ఫోన్ చేసి అడుగుతుందన్నారు. రికార్డు చేసిన గొంతు వస్తుంది. పెద్దాయన కొడుకు కావాలంటే ఒకటి నొక్కాలి. బడి నుంచి రిటైరైన మాస్టారు కావాలంటే రెండు.

మాస్టారు పార్టీలో పాతకాపు, చేతికి మచ్చ లేని మనిషి. పెద్దాయన కొడుకు సంగతి వేరు. తండ్రి పోయాక అతను పెట్టిన వ్యాపారం కువైట్‌కు ఆడవాళ్ళను పంపే ఆఫీసు. మా ఎదురువీధి ఈశ్వరిని పంపింది అతనే. పిల్లలున్న ఇంట్లో పని అని చెప్పాడు. తీసుకెళ్ళింది కబ్ద్ ఎడారిలోని ఒక గొర్రెల దొడ్డికి. ఏడు నెలలుగా ఒంటరిగా అక్కడే ఉంది. ఫోన్ కఫీల్ దగ్గరే, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరే ఉంటుంది. నెలకొకసారి రెండు నిమిషాలు మాట్లాడనిస్తే, ఆ రెండు నిమిషాలూ ఏడుపే. ఊళ్ళో ఈశ్వరి రెండేళ్ళ బిడ్డను ఎత్తుకుని వాళ్ళమ్మ పెద్దాయన కొడుకు ఇంటి చుట్టూ తిరిగింది. ఆ దేశపు చట్టాలు కష్టం, నా చేతుల్లో ఏమీ లేదన్నాడు.

ఆ శుక్రవారం గదిలో పెద్ద వాదన. మాస్టారు మంచివాడే కానీ గెలవలేడని కొందరన్నారు. అవతలి పార్టీవాడు గెలిస్తే మన ఇళ్ళను చూసే దిక్కుండదని, పెద్దాయన కొడుకును కాదంటే పార్టీని కాదన్నట్టేనని అన్నారు. పెద్దమ్మ పులుసు కలుపుతూ అంతా విని, చివర్లో గరిటె పక్కన పెట్టింది.

“గుర్తు మార్చమని నేనెప్పుడన్నా చెప్పినానా? చెప్పను. ఆ గుర్తు కింద ఎవడు నిలబడల్లనో మనల్నే అడుగుతాండారు గదా. ఇప్పుడు గూడా నోరు మూసుకుంటే మనం పార్టీ మనుషులం ఎట్లయితాం? గొర్రెలమయితాం. రెండు నొక్కండి.”

గొర్రెలన్న మాట వినగానే అందరికీ ఈశ్వరి గుర్తొచ్చింది. ఇంకెవరూ వాదించలేదు.

ఆ సంగతి ఊరికి చేరడానికి రెండు రోజులు పట్టలేదు. మంగళవారం మధ్యాహ్నం పెద్దాయన కొడుకే ఫోన్ చేశాడు. పెద్దమ్మ గోడ దగ్గరకు వచ్చి నన్ను పిలిచి స్పీకరు పెట్టించింది. అతను మెత్తగా మాట్లాడాడు. నాయన ఉన్నప్పటి రోజులు తలిచాడు. తర్వాత అసలు మాటకు వచ్చాడు.

“అమ్మా, నీ అరవై ఇండ్లు ఒకటి నొక్కితే, ఈశ్వరి పది దినాల్లో ఇంటికొస్తాది. నాయన మీద ఒట్టు.”

పెద్దమ్మ ఫోన్‌కు దగ్గరగా వంగింది. ముందు ఈశ్వరి విమానం ఎక్కాలని, ఆ తర్వాతే తన మాటని చెప్పింది. అతను సరేనన్నాడు. ఆమె కూడా మొగుడి మీద ఒట్టేసింది. ఫోన్ పెట్టేశాక నా వైపు చూడలేదు. “మాస్టారికి ఏం చెప్పల్ల?” అని మాత్రం అంది.

పది రోజులు కాదు, నాలుగో రోజుకే ఈశ్వరి ఎయిర్‌పోర్టులో ఉంది. ఏడు నెలలు కాని పని నాలుగు రోజుల్లో అయింది. అంటే ఈ ఏడు నెలలూ అతను చెయ్యలేక కాదు, చెయ్యాలనుకోక చెయ్యలేదు. పెద్దమ్మ ఆ లెక్క నాకంటే ముందే కట్టింది. కానీ అంతకంటే పెద్ద మాట ఈశ్వరి నోటి నుంచి వచ్చింది. ఎవరి ఫోనో అడుక్కుని మాట్లాడింది.

“పెద్దమ్మా, నన్ను ఎక్కించుకునేదానికి వచ్చిన కారులోంచే ఇంగో పిల్ల దిగింది. నా బదులంట. మన తెలుగే. ‘అక్కా, ఇది ఏ ఊరు?’ అని అడిగింది. నేను చెప్పేలోపల కారు కదిలిపాయ.”

పేరు అడిగావా అంది పెద్దమ్మ. అడగలేదంది ఈశ్వరి. పచ్చ చున్నీ వేసుకుందని మాత్రం చెప్పింది.

పార్టీ ఫోన్లు రావడానికి ఇంకా రెండు రోజులుంది. నేను పెద్దమ్మతో పోట్లాడాను. అంత మోసగాడికి ఇచ్చిన మాట మాటే కాదని, అందరికీ రెండు నొక్కమని చెప్పమని, ఈశ్వరి ఎలాగూ ఇల్లు చేరిందని అన్నాను. ఆమె నామీద కోప్పడలేదు.

“ఆ పచ్చ చున్నీ పిల్ల సంగతి ఎవుర్ని అడగల్ల పాపా? వాణ్ణే గదా. నేను మాట తప్పితే, రేపు నేను ఫోన్ చేస్తే వాడు ఎత్తుతాడా? నిలబెట్టుకుంటే, సిగ్గుకన్నా ఎత్తుతాడు.”

ఇప్పటికీ నాకు తెలియదు, అందులో ఎంత న్యాయముందో. పార్టీ ప్రేమ, మొగుడికిచ్చిన మాట, ఎవరో తెలియని పిల్ల, ఈ మూడూ ఆమెలో ఎక్కడ ఒకటితో ఒకటి కలిసిపోయాయో ఆమెకైనా తెలుసో లేదో. నేనే ఒక్కొక్కరికీ ఫోన్ కలిపి ఇచ్చాను. ఆమె ప్రతి ఒక్కరికీ నిజమే చెప్పింది. ఈశ్వరి కోసం మాటిచ్చానంది, ఒకటి నొక్కమంది, తిట్టుకుంటే తననే తిట్టుకోమంది. అరవై ఇళ్ళూ ఆమె మాట విన్నాయి.

పెద్దాయన కొడుక్కే టికెట్టు వచ్చింది. ఆ సాయంత్రం మాస్టారు ఫోన్ చేసి, నువ్వు చేసింది తప్పు కాదమ్మా, నేనైనా అదే చేసి ఉండేవాణ్ణి అన్నాడు. అతను తిట్టి ఉంటే ఆమెకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

మర్నాటి నుంచి పెద్దాయన కొడుకు ఫోన్ ఎత్తలేదు. పెద్దమ్మ రోజుకు మూడుసార్లు చేసేది. తర్వాత ఎవరో అనుచరుడు ఎత్తి, అన్న ప్రచారంలో ఉన్నాడు, అయినా ఆ పిల్ల మన మండలం కూడా కాదు అన్నాడు. ఇక్కడి తెలుగు సంఘంవాళ్ళు సాయం చేస్తామన్నారు. వాళ్ళు పేరు అడిగారు, ఇఖామా, అంటే ఇక్కడి నివాస కార్డు నంబరు అడిగారు. మా దగ్గర పచ్చ చున్నీ తప్ప ఏమీ లేదు. ఈశ్వరికి దొడ్డి దారి చెప్పడం రాలేదు. నీళ్ళ ట్యాంకు, రేకుల గేటు, రెండు కుక్కలు అంది.

ఒక శుక్రవారం పెద్దమ్మ వాళ్ళ మామాను బతిమాలి కారు తీసుకుంది. డ్రైవరు మలయాళీ, మంచి మనిషి. నేనూ వెళ్ళాను. కబ్ద్‌లో ప్రతి దొడ్డికీ నీళ్ళ ట్యాంకుంది, రేకుల గేటుంది, కుక్కలున్నాయి. పెద్దమ్మ ఒక్కో గేటు దగ్గర దిగేది. రేకుల మీద అరచేత్తో తట్టి, తెలుగులో, “అమ్మా, ఎవురన్నా ఉండారా? మనోళ్ళెవురన్నా ఉండారా తల్లీ?” అని పిలిచేది. కాసేపు ఆగి, చెవి పెట్టి వినేది. లోపల గొర్రెలు అరిచేవి. ఒక దొడ్డిలోంచి సూడాన్ కాపరి బయటికొచ్చి, ఆమె వాలకం చూసి మంచినీళ్ళిచ్చాడు. చేతులతో అడిగితే, తెలియదన్నట్టు తలూపాడు. ఎండ నెత్తికెక్కేదాకా తిరిగాం. ఎన్ని గేట్లో నేను లెక్కపెట్టలేదు. చివరికి డ్రైవరు, ఇక చాలు అమ్మా, పోలీసులు అడిగితే మనం ఏం చెప్తాం అన్నాడు. ఆమె తెచ్చిన అన్నం మూట ఆఖరి గేటు కమ్మీకి కట్టింది. కారులో తిరిగి వచ్చేటప్పుడు ఒకే మాట అంది.

“నేను ఒక పిల్లను తీసి ఇంగో పిల్లను పెట్టినా పాపా.”

అలా కాదని, పెట్టింది నువ్వు కాదని నేను ఎంత చెప్పినా ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఓట్లకు ముందు రోజు పెద్దమ్మ ఊళ్ళో ఉన్న తన కొడుకుకు ఫోన్ చేసింది. ఈసారి మన ఇంట్లో ఆ గుర్తుకు వెయ్యొద్దని చెప్పింది. ఆ మాట ఆమె నోట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. కొడుకు, వాణ్ణి నిలబెట్టింది నువ్వే కదమ్మా అన్నాడు. నాయనకు ఇచ్చిన మాట నేను తప్పలేను, నువ్వు నేర్పిందే కదా అన్నాడు. నిజంగానే అది ఆమె నేర్పిందే. ఫోన్ నాకిచ్చి, లోపలికి వెళ్ళి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. పెద్దాయన కొడుకు గెలిచాడు. ఆ తర్వాత ఆమె శుక్రవారం గదికి రాలేదు. వంటలో ఉప్పు తప్పుతోందని వాళ్ళ మామా నాతో చెప్పి బాధపడింది. నెల తిరక్కుండానే ఆ పొద్దు వచ్చింది.

ఆమెను ఊరికి పంపే కాగితాలన్నీ అయ్యేసరికి తొమ్మిది రోజులు పట్టింది. శవపెట్టె ఊరు చేరిన రోజు, పిల్లలు మధ్యాహ్నం నిద్రపోతుంటే నేను వంటింట్లో స్టూలు మీద కూర్చుని వీడియోలో చూశాను. అక్కడ ఫోన్ పట్టుకుంది ఈశ్వరి. ఊరంతా వచ్చింది. మాస్టారు వచ్చి చెప్పులు విడిచి ఒక మూల నిలబడ్డాడు. కాసేపటికి కార్లు ఆగాయి. కొత్త జెడ్పీటీసీ దిగి, పార్టీ జెండా విప్పి, పెట్టె మీద తనే కప్పాడు. పార్టీకి తల్లి లాంటిదన్నాడు. ఆమె కొడుకు తల వంచుకుని నిలబడ్డాడు. బతికున్నప్పుడు ఆ జెండా తన మీద కప్పాలనే ఆమె కోరుకుని ఉంటుంది. ఆ చేతుల మీదుగా కోరుకుని ఉండదు. నేను ఇంత దూరాన స్టూలు మీద కూర్చుని ఏం చెయ్యగలను?

డప్పులు మొదలయ్యాయి. పెట్టె లేపుతున్నారు. ఇంతలో ఎవరో ఈశ్వరి చేతిలోంచి ఫోన్ అందుకున్నారు. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్ల. ఎక్కడో చూసిన ముఖమే, కిందివీధి అనుకుంటాను. తెరకు దగ్గరగా వచ్చి, సిగ్గుపడుతూ నవ్వింది.

“అక్కా, నాకు వీసా వచ్చింది. జెడ్పీటీసీ సారు ఆఫీసు నుంచే. సోమవారం పోతాండా. ఇల్లు మంచిదేనంట, పిల్లలుండారంట. నిజమేనా అక్కా?”

రావద్దు అన్నాను. మళ్ళీ అన్నాను, ఇంకా గట్టిగా. ఆమె వెనక జెండా కప్పిన పెట్టె భుజాల మీదుగా వీధి మలుపు తిరుగుతోంది. డప్పుల మోతలో ఆ పిల్ల ఒక చెవి మూసుకుని, రెండో చెవి తెరకు ఆనించి, “ఏమక్కా? వినపడలా,” అంటోంది.