కోటలో వినిపించిన గంట

ఆటోనగర్‌లో మా మనవడు అద్దెకు తీసుకున్న పాత గోదాము తలుపు తీయగానే గబ్బిలాల కంపు ముఖాన కొట్టింది. బందరు దగ్గర, మా పల్లెను ఆనుకుని, సముద్రానికి కాపలాగా తెల్లవాళ్లు కట్టి వదిలేసిన కోట గుర్తొచ్చింది.

దాని కింద సొరంగం కొండపల్లి దాకా పోతుందని మా పల్లెలో చెప్పుకునేవారు. చూపించమని నాన్న వెంట ఎన్నాళ్లో పడ్డాను. ఒకరోజు పొద్దున్నే ఆయనే, "రావే, చూపిస్తా" అన్నాడు. తమ్ముణ్ణి మాత్రం రానివ్వలేదు. నాకు భలే గర్వంగా అనిపించింది.

లోపల చల్లగా ఉంది. నెత్తిన సున్నం రాలుతోంది. కాస్త దూరానికే గోడ అడ్డొచ్చింది.

"ఇంతేనా నాన్నా?"

"గోడవతల రాజుగారి గుర్రాలు తిరుగుతుంటయ్యే. నోరు మూసుక్కూర్చుంటే వినపడతయ్."

నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి నిజంగానే ఎక్కడో సన్నగా గంట మోగింది.

"గుర్రం గంట!" అన్నాను.

"అదే" అన్నాడు. ఆ చప్పుడు పూర్తిగా దూరమయ్యాకే లేచాడు.

ఇంటికొస్తే తమ్ముడు గంతులేస్తున్నాడు. "అక్కా, పంతులుగారు సైకిలు మీదొచ్చి బడికి నా పేరు రాసుకెళ్లారు!"

"మరి నాది?"

అమ్మ ఎండబెట్టిన చేపలు తిరగేస్తూ తలెత్తలేదు. "నువ్వూ పోతే వీటి మీద కాకుల్ని ఎవరు తోల్తారే? ఊళ్లో లేవని చెప్పా."

అక్షరాలు ముసలిదాన్నయ్యాక నేర్చుకున్నాను. బడికి పంపనని ముఖం మీదే చెప్పి ఉంటే, ఏడ్చి ఊరుకునేదాన్ని. నాన్న నా చెయ్యి అంతసేపు పట్టుకున్నది ఆ ఒక్కరోజే. చీకట్లో భయపడతానని పట్టుకున్నాడనుకున్నాను.