మెట్ల గీత

పొద్దున బకెట్లో సున్నం తడిపాను. ఆ ఘాటు ముక్కుకు తగిలితే నాకు ముందు అవ్వ గుర్తొస్తుంది, వెంటనే కోపమూ వస్తుంది.

అవ్వ అంటే మా నాన్న తల్లి. పాలమూరు నుంచి వాళ్లమ్మతో వచ్చి, బొంబాయి మేడలకు సున్నం తట్టలు మోసిన మనిషి. కామాటిపురాలో వరస గదుల మేడ, మా చాల్‌లో ఏ తెలుగింట పెళ్లయినా ఐరేని కుండలకు రంగులు వేయడం ఆమె పనే. పెళ్లిలో దేవుడి ముందు పేర్చే ఆ కుండలకు సున్నం పూసి, ఆరాక, నమిలిన వేపపుల్లతో ఎర్రటి జాజు గీతలు గీసేది. కుండ నడుము చుట్టూ మెట్లు మెట్లుగా ఒక గీత. అది వాళ్లమ్మ నేర్పిందట. నాకు అవ్వ నేర్పింది. నేర్పింది అనడం మర్యాదకే. నేను గీసిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి, మళ్లీ సున్నం పూసేది.

ఎనభైల్లో అక్క పెళ్లి. ఒక్క కుండైనా నా చేతిది ఉండాలని పట్టుబట్టాను. వరండాలో అందరి ముందూ కూర్చుని, ఎక్కడా వణక్కుండా ఒక్క ఊపులో గీశాను. అవ్వ కళ్లు చికిలించి చూసింది.

“ఏందే పిల్లా, నీ గీత లోకల్ బండి పట్టుకోవాల్నా? గట్ల ఉరుకుతుంది!”

పక్కగది సాయమ్మత్త పగలబడి నవ్వింది. అవ్వ తుడిచేసింది. సాయమ్మత్త పోయి చాలా ఏళ్లయింది. ఆ నవ్వును నేనింకా క్షమించలేదు.

అలిగి అన్నం ముట్టలేదు. బతిమాలడానికి ఎవరూ రాలేదు, అదీ గుర్తుంది. అవ్వ మాత్రం “నీళ్లు తేపో” అంది. కింది నల్లా నుంచి రెండు బకెట్లు పట్టుకుని ఎక్కుతున్నాను. అవ్వ పైమెట్టు మీద కూర్చుని చూస్తోంది.

“ఎందుకు ఆగినవ్?”

“దమ్ము వస్తుంది. నువ్వు మోయి, తెలుస్తది.”

“మోసిన. మా అమ్మ గూడ మోసింది. మెట్టు మెట్టుకు ఆగి ఊపిరి తీసుకున్నం.” లేచి వచ్చి ఒక బకెట్ అందుకుంది. “గా ఆగుడే గీత. ఆగకుంట గీస్తే అది గోడకు పడ్డ బీట.”

మళ్లీ కుండ ముందు కూర్చున్నాను. ప్రతి మలుపులో పుల్ల ఆపి ఊపిరి తీసుకున్నాను. ఆగినచోటల్లా జాజు చిక్కగా, చిన్న చుక్కలా దిగింది. అవ్వ చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది. చివరి మెట్టు దాకా అది కదల్లేదు.

బాగుందని మాత్రం అనలేదు. పోయేదాకా అనలేదు. కానీ పందిట్లోకి ఆ కుండను తనే తీసుకెళ్లింది, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు నడుముకు ఆనించుకుని, ఎవరినీ ముట్టనివ్వకుండా.

ఇప్పుడు నా మనవరాలికి నేర్పుతున్నాను. అది మరాఠీలోనే మాట్లాడుతుంది, మరాఠీలోనే పోట్లాడుతుంది. ఇందాక ఒక్క ఊపులో నున్నగా గీసి గర్వంగా నావైపు చూసింది. నేను తుడిచేశాను.

“కా, ఆజీ?” ఎందుకని అడిగింది, కళ్లనిండా నీళ్లతో. ఆ చూపు నాకు తెలుసు. ఈ పిల్ల దీన్ని ఎన్నటికీ మరచిపోదు.

“కిందికి పోయి బకెట్‌తో నీళ్లు తే,” అన్నాను. “వచ్చేటప్పుడు లిఫ్టు ఎక్కకు.”