ఆయన ముట్టని ఎర్ర చుక్క

శుక్రవారం పొద్దున కల్వకుర్తి బస్సు దిగి వచ్చిన చిచ్చా కూతురు, గడపలోనే నిలబడి "బాబా పోయిండక్కా" అంది. దేవరకొండ డాక్ బంగ్లాలో ఖాన్సామాగా వంట చేసిన మా చిచ్చా ఇక లేరు. మాది రక్తసంబంధం కాదు. ఆయన వండేవారు, నేను మసాలా నూరేదాన్ని. నిజాం కాలంలో, భర్త పోయి ఇద్దరు పిల్లలతో మిగిలిన నాకు ఆ పని ఇప్పించింది ఆయనే.

బంగ్లాకు ఒక తెల్ల ఇంజనీరు దొర వస్తుండేవాడు. వెంట ఓ పెట్టెలో స్పెయిన్ దేశపు ఎర్ర వైన్ వచ్చేది. చిచ్చా ఐదు పూటలా నమాజు చదివే మనిషి, సీసా ముట్టేవారు కాదు. బంగ్లా జవాను గ్లాసులో పోస్తే, చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని, వంగి, కళ్లు మూసుకుని వాసన చూసేవారు. ఆ పూట కూర ఏమిటో అక్కడే తేలిపోయేది. రుచి సంగతి దొరను అడిగి తెలుసుకుని, నాకు మన మాటల్లో చెప్పేవారు.

"నేరేడు పండు తిన్నంక నాలుక ఎట్ల పట్టుకుంటదో, గట్ల వగరుంటది బిడ్డా. ఎనక కొత్త తోలు వాసన. వగరుకు కొవ్వు గావాలె. బొగ్గుల మీద కాల్చిన మేక తొడ పెట్టు, నవ్వుతది. చింతపులుసు పెట్టినవా, మొకం ముడుచుకుంటది."

నేను నాలుగు మిరపకాయలు వేస్తే రెండు తీసేసేవారు. కారమెక్కువైతే ఆ వగరూ అదీ కొట్లాడుకుంటాయట. మా వైపు మనిషి చేతిలోంచి మిరపకాయ లాక్కోవడమంటే మాటలా!

"నోట్ల ఏస్కోనోనికి గిన్ని సంగతులెట్ల ఎరుక చిచ్చా?" అని ఆట పట్టించేదాన్ని.

"ఈత కల్లుకు ఉడకేసిన శనగ గుడాలు, తాటి కల్లుకు ఎండుచేపలని మీ నాయినకెవలు జెప్పిండ్రు? గిదీ గంతే. ముక్కుకు పాపమంటదు బిడ్డా."

ఒకసారి చుట్టం వస్తున్నాడని దొర పన్నెండేళ్లు దాచిన సీసా ఒకటి తెచ్చాడు. గాలి తగలాలని జవాను దాన్ని గాజు కూజాలో పోసి, పలుచటి గుడ్డ కట్టి కిటికీలో పెట్టాడు. చిచ్చా మధ్యాహ్నం నమాజుకు వెళ్లారు. అది పన్నెండేళ్లనాటిదని జవాను చెప్పగానే నా గుండె జారింది. మాది కల్లుగీత ఇల్లు. పొద్దటి కల్లు మాపటికి పులుస్తుంది, మర్నాటికి పారబోస్తాం. ఇది తాగి పెద్దమనుషులు మంచాన పడితే చిచ్చా మెడకు చుట్టుకోదా? జవాను అటు వెళ్లగానే గుడ్డ విప్పితే పుల్లటి వాసన. ఇంకేం, పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో వంపేశాను. మేలు చేశాననుకుని కూజా కడిగి బోర్లించాను కూడా.

చిచ్చా వచ్చి బోర్లించిన కూజా చూశారు. నేను చెప్పిందంతా విన్నారు. "నీ తప్పు లేదు బిడ్డా. మన దగ్గర పాతదంటే పాడైంది. వాళ్ల దగ్గర పాతదంటే పండింది" అన్నారు.

దొర కాళ్ల మీద పడతానన్నాను. "నీకు ఇద్దరు పోరగాండ్లున్నరు. నా చెయ్యి యాడనన్న వండుకుంటది. ఎవలకు జెప్పినా నా మీద ఒట్టే" అని, తన చెయ్యి తగిలి ఒలికిందని దొరతో చెప్పారు.

ఏనాడూ ముట్టనివాడి చెయ్యి ఇవాళ ఎలా తగిలిందని దొర అడిగాడు. తాగి అబద్ధమాడుతున్నావని అప్పటికప్పుడు పనిలోంచి తీసేశాడు. చిచ్చా తల వంచుకుని నిలబడ్డారు. తలుపు చాటున నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

తర్వాత ఆయన కల్వకుర్తిలో చిన్న హోటల్ పెట్టుకున్నారు. తాగుబోతు ఖాన్సామా అన్న పేరు ఆయనకంటే ముందే ఆ ఊరు చేరింది. ఒట్టు తీసెయ్యమని ఎన్నిసార్లు బతిమాలానో! "అల్లాకెరుక, నీకెరుక. ఇంకెవలకు గావాలె? తిను" అని పళ్లెం ముందు పెట్టేవారు. సిగ్గులేకుండా తినేదాన్ని.

ఆ శుక్రవారం చిచ్చా కూతురు నా పక్కన కూర్చుని అడిగింది. "అక్కా, బాబా నిజంగ తాగిండా? మా అత్తగారింట్ల ఇప్పటికీ అంటరు."

ఒట్టు వేయించుకున్న మనిషే పోయాక ఇంకా ఎవరికోసం దాచను? ఆమెకు చెప్పాను, మీకూ చెబుతున్నాను. ఆయన ఒక్క చుక్క ముట్టలేదు. పారబోసింది నేను.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కళ్లు తుడుచుకుని, "వాసనెట్ల జూసేటోడు? జర జూపియ్యక్కా" అంది.

మోకాళ్లు పట్టుకుని లేచాను. ఆమె తాగకుండా వదిలేసిన టీ గ్లాసు ముందు నిలబడి, చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని, కళ్లు మూసుకుని వంగాను.