నేను పంపని పెన్ డ్రైవ్

విరుదునగర్ దగ్గర మా ఊరి చెరువులోకి అద్దకం కార్ఖానా మురికినీళ్ళు వదులుతోందని మేము కొందరం గొడవ మొదలుపెట్టాం. ఫోన్లలో మేము అనుకున్న మాటలు మరునాటికే కార్ఖానా మనుషుల నోట వినిపించసాగాయి.

కోవిల్‌పట్టిలో కంప్యూటర్లు బాగుచేసే నా చిన్ననాటి స్నేహితుడు, ఫోన్లు మాని కంప్యూటర్లోనే మాట్లాడుకొమ్మని ఒక దారి చెప్పాడు. పెన్ డ్రైవ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ వేసిస్తానన్నాడు. దాన్ని పెట్టి కంప్యూటర్ తెరిస్తే, పని ముగించి తీసేశాక ఏ జాడా మిగలదట. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేదే కానీ దించుకోవడం మావాళ్ళకు చేతకాదు. అతను సిద్ధం చేసినవాటిని నేనే బస్సులో తెచ్చి అందరికీ పంచాను. ఎవరూ ఏమీ అడగలేదు.

కొన్ని వారాల తర్వాత, కార్ఖానా మీద మేము వేసిన కేసు చూసే వకీలమ్మ నేరుగా మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి ఒక పెన్ డ్రైవ్ తీసింది.

"కొరియర్లో వచ్చినాది అక్కా. ఇది కొత్తది, పాతది తీసేయమని నీ పేరేసి పంపిండారు."

"నేను పంపలేదే!"

"మరి ఎవురు పంపినారు?"

దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. ఆమె నన్నే చూస్తూ మళ్ళీ అడిగింది. "ముందు నువ్విచ్చిన దాన్ల ఏముండాదో నీకు తెలుసునా?"

తెలియదు. స్నేహితుణ్ణి నమ్మాను, అంతే.

ఆ కొత్తదీ, నేను ఆమెకు ముందిచ్చినదీ తీసుకుని ఆ మధ్యాహ్నమే కోవిల్‌పట్టి వెళ్ళాను. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళు తమ వెబ్‌సైట్‌లో ఒక పొడవాటి నంబరు పెడతారట. లోపల ఏ కొంచెం మార్చినా ఆ నంబరు కలవదట. స్నేహితుడు పోల్చి చూస్తుంటే దొంగసరుకు ఇప్పుడు బయటపడుతుందని ఎదురుచూశాను. రెండింటి నంబర్లూ వెబ్‌సైట్‌లో ఉన్నవాటితో కలిశాయి.

"అంటే వచ్చినాది మంచిదేనా?"

"దీన్ల మోసం ఏమీ అగపడలేదు."

"అయితే నా పేరేసి ఎందుకు పంపినారు?"

"అది నంబరు ఎట్ల చెప్తుందమ్మా?"

మోసం దొరికి ఉంటే నాకు ఊరటగా ఉండేదేమో. మా మేలు కోరినవాళ్ళే పంపారా? లేక ఎవరేమిచ్చినా వాడేస్తామో లేదో చూడడానికి పంపారా? బస్సులో కూర్చుని ఎంత ఆలోచించినా తేలలేదు.

నేను పంచినవన్నీ వెనక్కి తీసుకున్నాను. ఒక ఆదివారం స్నేహితుణ్ణి పిలిపించి, ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్ళచేతనే దింపించి, నంబరు పోల్చుకోవడం నేర్పించాను. మాలో పెద్దావిడ ఒకామె చిరాకుపడింది.

"నిన్ను నమ్మే కదా వచ్చినాము? ఇప్పుడు నిన్నే నమ్మొద్దని నేర్పిస్తుండావే!"

కొందరు నేర్చుకున్నారు. కొందరు విసిగి పాత ఫోన్ గ్రూపుకే వెళ్ళిపోయారు. ఆ కొరియర్ ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

మొన్న కోర్టు మెట్ల మీద వకీలమ్మ ఆగి అడిగింది. "అక్కా, నెజంగానే నువ్వు పంపలేదా?"

"లేదు."

"సరి," అని లోపలికి వెళ్ళిపోయింది. నమ్మి అందో, నమ్మకనే అందో నాకు అర్థం కాలేదు.