పదహారో రాయి తరువాత

ఆరేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. వినడానికి ఇది పెద్ద నేరంలా ఉండదు. ఎవరి ఆస్తీ పోలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఒక మనిషి తన జీవితంలో ఒక్కసారి చేయగలిగిన పనిని నేను చేయనివ్వలేదు. చేశావని నమ్మించాను. ఆ నమ్మకంతోనే అతను పోయాడు.

అతన్ని యోహాను అంటాను. అసలు పేరు అది కాదు. బేతంచెర్ల దగ్గర నాపరాళ్ల ఫ్యాక్టరీలో కోత మిషను మీద ఇరవై ఏళ్లు పనిచేశాడు. చిన్నప్పుడు ఒకే బడిలో చదివాం. నేను గ్రంథాలయంలో ఉద్యోగానికి వెళ్లాను, అతను రాళ్ల పనికి వెళ్లాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు చెప్పాక పని మానేశాడు. రోజూ నడవమన్నారు. నడిచాడు. కొన్నాళ్లకు పరుగు మొదలుపెట్టాడు. తోడుగా నేనూ వెళ్లేవాణ్ని.

"ఊపిరి ఉండంగనే ఒగసారి నలభై రెండూ ఉరకాలప్పా" అనేవాడు. ఆ కోరికకు కారణం అడిగితే నవ్వేవాడు. నాకు తెలుసనుకుంటాను. జబ్బు తననుంచి ఏం తీసుకుందో అందరూ చెబుతున్నారు, ఏం మిగిలిందో తనే కొలుచుకోవాలనుకున్నాడు.

మా మారథాన్ గురించి పెద్దగా ఊహించుకోకండి. ముప్పై మందికి మించి లేరు. మైకు లేదు, బ్యానరు లేదు. చర్చి వాళ్లు మజ్జిగ ఇచ్చారు, బడి వాళ్లు మైదానం ఇచ్చారు. ఊరి నుంచి ఎర్రమల కొండల వైపు ఇరవై ఒక్క కిలోమీటర్లు వెళ్లి, తిరిగి అదే దారిన రావాలి. మిగిలిన నూట తొంభై అయిదు మీటర్లు మైదానంలో ఉరకాలి. ఫ్యాక్టరీ బయట పారేసిన నాపరాతి ముక్కలు ఏరుకొచ్చి, కిలోమీటరుకొకటి చొప్పున ఇరవై ఒక్క రాళ్లకు ఎర్రరంగుతో అంకెలు వేశాం. దారి కొలిచి రాళ్లు పెట్టే పని నాకు ఇచ్చారు. యోహానే ఇప్పించాడు. "ఆయప్ప పెడితే అడుగు అటిటు కాదు" అన్నాడు అందరి ముందు.

ముందురోజు మధ్యాహ్నం రాళ్లు రెండు గోనెసంచుల్లో వేసుకుని మోపెడ్ మీద బయలుదేరాను. మీటరు చూసుకుంటూ ఒక్కొక్కటే పెట్టాను. పంతొమ్మిదో రాయి దాకా సరిగ్గానే పెట్టాను. ఇంకో అర కిలోమీటరు పోతే మెరక మొదలవుతుంది. కొండ మీదికి ఎక్కే దారి. నెల ముందు యోహానూ నేనూ ఆ మెరక చూసొద్దామని వెళ్లాం. అతను పరిగెత్తి ఎక్కాడు. నేను రెండుసార్లు కూర్చున్నాను. పైన ఒక పెద్ద రాతి గుండు పక్కన నిలబడి నా కోసం ఆగాడు. దగ్గుతూనే ఉన్నాడు. "నిమ్మళంగా రాప్పా, కొండ యాడికీ పోదు" అన్నాడు. ఎగతాళి కాదు. ఎగతాళి అయితే మరిచిపోయేవాణ్ని.

మెరక కింద మోపెడ్ ఆపి చాలాసేపు నిలబడ్డాను. తరువాత ఇరవై ఒకటో రాయిని అక్కడే పెట్టాను.

అంతటితో ఆగి ఉంటే బద్ధకం అనుకోవచ్చు. ఆగలేదు. చివరి రాళ్లు దగ్గరదగ్గరగా ఉంటే ఎవరైనా పసిగడతారని వెనక్కి వచ్చాను. పంతొమ్మిది, పద్దెనిమిది, పదిహేడు రాళ్లను జరిపాను. ఇరవయ్యో రాయిని మధ్యలో సర్దాను. పదహారో రాయి తరువాత నా ప్రతి కిలోమీటరూ ఏడువందల మీటర్లే. పోను ఒకటిన్నర, రాను ఒకటిన్నర. మొత్తం మూడు కిలోమీటర్లు తగ్గించాను. ఆ సాయంత్రం బడి మైదానానికి వెళ్లి నూట తొంభై అయిదు మీటర్లను మాత్రం టేపుతో రెండుసార్లు కొలిచాను.

ఎందుకు చేశాను? యోహాను ఛాతీ కోసమని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. మెరక మీద అతనికేమన్నా అయితే రూతమ్మకు ఏమని చెప్పాలి అనుకున్నాను. రూతమ్మ అతని భార్య. ఆ మాట ఎన్నేళ్లు చెప్పుకున్నా నిలబడలేదు. అతని కోసమే అయితే అతనికే చెప్పేవాణ్ని కదా? చెప్పలేదు. జబ్బు మనిషి ఎక్కి నిలబడే చోట, జబ్బు లేని నేను ముప్పై మంది ముందు కూర్చోవలసి వస్తుందని భయపడ్డాను. కారణం అది. ఇంకేదీ కాదు.

మరునాడు యోహాను ఇరవై ఒకటో రాయి దగ్గర ఆగాడట. మెరక వైపు చూసి, మజ్జిగ పోస్తున్న చర్చి ఆమెను "ఈడేనా?" అని అడిగాడట. ఈడే అంది. వెనక్కి తిరిగాడు. నాకంటే నలభై నిమిషాలు ముందు మైదానానికి చేరాడు. కర్నూలు నుంచి వచ్చిన ఒకతను, పరిగెత్తిన దూరం కొలిచే తన చేతి గడియారం చూపించి ముప్పై తొమ్మిదే ఉందని గొణిగాడు.

"మా ఊర్లో రాళ్లెక్కువ సామీ, నీ గడియారం బెదిరినట్లుండాది" అన్నాను.

అందరూ నవ్వారు. యోహాను కూడా నవ్వాడు. పూర్తి చేసినవాళ్లందరికీ 42 అని చెక్కిన నున్నటి నాపరాతి పలక ఇచ్చారు. నాకూ ఇచ్చారు. తీసుకున్నాను.

తరువాతి ఏడు పరుగు పెట్టేనాటికి యోహాను వీధి చివరి దాకా కూడా నడవలేకపోయాడు. ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళ్లాను. మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎదురుగా గోడకు ఆ పలక. రూతమ్మ గడప దగ్గర బియ్యం ఏరుతోంది.

"అప్పా, ఒగ మాట అడుగుతా. దాచొద్దు" అన్నాడు.

"అడుగు."

"ఆ పొద్దు మనం ఉరికింది నలభై రెండేనా?"

"యాల అట్లడుగుతాండావు?"

"ఏం లేదులే. గ్రౌండులో తిరిగేటప్పుడు నాకింగా శానా ఓపిక ఉండె. నలభై రెండు ఉరికినోనికి అంత ఓపిక ఉంటాదా? మెరక మీదికి పోవాల్సొస్తాదనుకుంటి. అదీ రాకపాయె. ఆ కర్నూలాయన చెప్పిందే నిజమేమోనని..."

మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాడు. ఆ ఆగిన కాస్సేపట్లో నేను నిజం చెప్పి ఉండవచ్చు. అతను ఓర్చుకునేవాడనే ఇప్పుడనిపిస్తుంది. తిట్టేవాడు, తరువాత నవ్వేవాడు. ఓర్చుకోలేనిది నేనే.

"మీటరు చూసి పెట్టినా. అంగుళం తగ్గలే" అన్నాను.

"అయితే సరేలే. నువ్వు కొలిచింటే సరిగ్గానే ఉంటాది." తల గడప వైపు తిప్పాడు. "ఇన్యావా రూతమ్మా, నలభై రెండేనంట."

"ఎన్నిసార్లు చెప్తావు, ఊరంతా ఇన్యారులే" అంది ఆమె, చాటలోంచి తల ఎత్తకుండా.

పరుగు ముగిసేసరికి అతనికి ఇంకా ఓపిక ఉంది. దాని గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. మెరక ఎక్కి దిగేటంత ఓపిక ఆ రోజు అతని దగ్గర ఉంది. మరో ఏడాదికి లేదు. ఆ ఓపికను వాడుకోనివ్వకుండా చేసింది నేను.

ఆ వానాకాలంలో పోయాడు. నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక రూతమ్మ నన్ను పక్కకు పిలిచింది. "అన్నా, సమాధి రాయి మీద ఆయప్ప ఉరికిన సంగతి రాపియ్యల్ల. సదువుకున్నోనివి, మాటలు నువ్వే చెప్పు."

రాసిచ్చాను. పేరు, కింద ఒకే వాక్యం: నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తినవాడు. చెక్కే మనిషి అంకెలా అక్షరాలా అని అడిగితే, రూతమ్మ అక్షరాలే అంది. అంకెలైతే మాసిపోయి ఎవరైనా వేరేగా చదువుకుంటారంది.

ప్రతి ఈస్టరుకూ చర్చివాళ్లు సమాధులకు సున్నం కొడతారు. అక్షరాల్లో రంగు నింపే పని రూతమ్మ నాకే ఇస్తుంది, నా చేయి కుదురుగా ఉంటుందని. ఈ ఏడు కూడా కూర్చుని నింపాను. ఆమె పక్కన నిలబడి చూసింది. చెబుదామనుకున్నాను. చెబితే బరువు దిగేది నాకు, ఎక్కేది ఆమెకు. ఇది ఆలోచనా, మళ్లీ భయమేనా? మెరక కింద నిలబడ్డప్పుడు కూడా ఇంకొకరి మేలు కోసమే అనుకున్నాను కదా.

చెప్పలేదు.

అక్కడి నుంచి మోపెడ్ మీద మెరక వైపు వెళ్లాను. పదహారో కిలోమీటరు నుంచి మీటరు చూసుకుంటూ పైదాకా పోయాను. ఇరవై ఒకటి ఎక్కడ వస్తుందో ఇన్నేళ్లుగా ఒక్కసారీ చూడలేదు. యోహాను నా కోసం ఆగిన గుండు దగ్గర వస్తుంది.

అతను పరుగెత్తింది ముప్పై తొమ్మిది కిలోమీటర్ల నూట తొంభై అయిదు మీటర్లు. ఈ అంకెను నేను ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. ఇక్కడ రాశాను.