మాంగనీసు కొండ మీద తప్పెటగుళ్లు

కూర్మయ్య బోరు మిషను పట్టి ఇరవై ఏళ్లు దాటింది. నీళ్ల బోర్లు కావు, భూమిలో ఖనిజం ఉందో లేదో చూసేవి. ఇన్నేళ్లూ పనిచేసింది చిన్న కంపెనీలకే. ప్రతిసారీ అదే కథ. వెతికేది చిన్నవాడు, వాడి చేతిలో డబ్బు అయిపోయేదాకా కాచుకుని కారుచౌకగా కొట్టేసేది పెద్దవాడు. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరడమంటే ఇదే! ఆ మర్నాడే కూర్మయ్యలాంటివాళ్ల పని ఊడేది.

ఈసారి చీపురుపల్లి దగ్గర కొండవాలున మాంగనీసు వెతుకుతున్నది బొబ్బిలి అమ్మాయి ఝాన్సీ. ఉన్న పొలం తాకట్టు పెట్టి కంపెనీ పెట్టింది. పెద్ద కంపెనీ మనిషి ఉమాశంకర్ నెలల తరబడి వచ్చి, టీ తాగి, "ఈ కొండలో మట్టి తప్ప ఏముంది మేడమ్? మాకిచ్చేసి ఒడ్డున పడండి. బోర్ల సంగతి మాత్రం బయట పొక్కిందా, మేం రాం" అని పోయేవాడు. చేతిలో డబ్బంతా అయిపోయి, గతిలేక అతను చెప్పిన ధరకే ఆమె సరేనంది. శుక్రవారం సంతకాలు.

ఆ శుక్రవారం పొద్దున్నే మిషను మోత మారింది. కూర్మయ్య గొట్టం పైకి తీయించాడు. గొట్టంలోంచి వచ్చిన రాతికడ్డీని కడిగితే నల్లగా నిగనిగలాడింది. ఎత్తితే చెయ్యి కిందికి లాగేసేంత బరువు. లాగినకొద్దీ మాంగనీసు నలుపే!

"తగిలీసినాదమ్మా! రాయి తగిలీసినాది!"

పరుగున వచ్చిన ఝాన్సీకి సంతోషంతో ఏడుపొచ్చింది. అంతలోనే భయమూ వేసింది. "ఎవరికీ సెప్పకు మావా. ఉన్న బేరం కూడా పోతాది."

సరేనన్నాడు గానీ కూర్మయ్యకు ఒక మొక్కుంది. రాయి తగిలిన రోజునే బోరు దగ్గర అమ్మవారికి తప్పెటగుళ్లు ఆడించాలి. మనుషులకిచ్చిన మాటైతే వాయిదా వెయ్యొచ్చు, అమ్మవారితోనా? గుట్టుగా కానిద్దామని కిందూళ్లో ఉన్న బావ రాముడికి ఫోన్ చేశాడు. రాముడి జట్టు కాళ్లకు గజ్జెలు, రొమ్ములకు తప్పెట్లు కట్టుకుని దిగిపోయింది. తప్పెట్లు గుట్టుగా కొట్టడం ఎవడి తరం! కొండంతా మోగిపోయింది. పొలాల్లోంచి జనం ఎగబడి వచ్చారు. నల్లరాయి వీడియోలు ఊరూరా తిరిగాయి.

"ఏటి సేసీసినావు మావా!" ఝాన్సీ తల పట్టుకుంది.

"మొక్కు తీర్సకపోతే అమ్మోరు ఊరుకుంటాదేటమ్మా?"

మధ్యాహ్నం సంతకాలకని ఉమాశంకర్ కారు వచ్చింది. దాని వెనకే, వీడియోలు చూసి ఎవరూ పిలవకుండానే వచ్చిన ఇంకో పెద్ద కంపెనీ జీపు! దాన్ని చూడగానే ఉమాశంకర్ ముఖాన నెత్తుటి చుక్క లేదు.

"మట్టే గదా బాబూ, ఆళ్లకిచ్చీమంటారేటి?" అన్నాడు కూర్మయ్య.

పొద్దుగూకేదాకా ఇద్దరూ పోటీపడి పాట పెంచారు. చివరికి కొన్నది ఉమాశంకరే, కానీ ఝాన్సీ చెప్పిన ధరకు. మర్నాడే కంపెనీ బోర్డు మారింది, పాత పనివాళ్లు అక్కర్లేదన్నారు. కూర్మయ్య తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"కొండ అమ్మినాను గానీ మిషను అమ్మలేదు మావా" అంది ఝాన్సీ. "సాలూరు కాడ ఇంకోటి సూసినాను. ఈపాలి నీకూ వాటా ఉన్నాది. వస్తావా?"

వాటా! కూర్మయ్యకు కళ్లు చెమర్చాయి. ఆమెకు జవాబు చెప్పడం మరిచిపోయి, పక్కనే ఆగి ఉన్న లారీ డ్రైవరును కేకేశాడు.

"ఒరే, బండి ఎనక్కి తియ్యరా! మన మిషను ఎక్కించాలి!"